ఈతయు ఋతువులును

పుల్లేరు గట్టున పుట్టి పెరిగిన ఉయ్యూరువారికి ఈత యొక విద్య యని తోచదు. నడకతోపాటు వచ్చినదే యని తలతురు. నడుమునకు సొరబుఱ్ఱ కట్టి తండ్రి నీట దింపిన కొలది దినములకే పిల్లవాడు ఆవలి గట్టు ముట్టి వచ్చును. అట్టి సీమలో ఈతలోని యపాయములను గుఱించి ప్రసంగించుట సాహసమే. అయినను నా మాటలు ఈత రానివారిని గుఱించి కావు, వచ్చినవారిని గుఱించియే.

నా పదునాల్గవ యేట తొలకరిలో కాలువ వదలిరి. నాటి సాయంకాలము మా జట్టులో నందఱికంటె గట్టి యీతగాడు వంతెనమీదినుండి దుమికెను. వేసవిలో కాలువ యెండియున్నపుడు ఎవరో అచ్చట పాతిన గుంజ మాలో నొక్కరికిని జ్ఞప్తికి రాలేదు. క్రొత్తనీటి బురద దానిని కప్పివేసెను. మేము గట్టున నిలిచి కేకలు వేయుటకంటె నేమియు చేయలేకపోతిమి. మఱునాడు దిగువ లాకులయొద్ద వాని దేహము దొరకెను. వాడు ఈత రాక చనిపోలేదు. మాఘమునాటి కాలువయే ఆషాఢమునను ఉన్నదని నమ్మి చనిపోయెను. రేవు ఒక్కటియే యైనను ఋతువు మాఱినపుడు నీరు వేఱగును. నేడు నేను చెప్పదలచిన దీ యొక్క మాటయే.

మన నీరు మన యాకాశమును బట్టి వచ్చునది కాదు. బెజవాడవద్ద 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, దాని స్థానమున 1957లో ప్రకాశం బారేజి వెలసిన తరువాతను, మన కాలువలు ఎగువ తలుపులను బట్టి నిండుచున్నవి. కృష్ణలో వఱదయు నట్టిదే. మహారాష్ట్ర, కర్ణాటకములలోని కొండలపై వాన కురిసిన, ఇచ్చట ఎండ కాయుచుండగనే ఏఱు పొంగవచ్చును. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను బారేజి దాటిన నీరు సెకనునకు 11 లక్షల ఘనపుటడుగులకు మించెను. ఘనపుటడుగు నీరనగా ఇరువదియెనిమిది లీటర్లకు పైమాట. ప్రవాహవేగము రెండింతలైనపుడు మనుష్యునిపై దాని త్రోపుడు నాలుగింతలగును. కావున నిన్న ఈదిన రేవున నేడు ఈదగలమను ధీమా శ్రావణ భాద్రపదములలో పనికిరాదు.

వేసవిలో నీరు తగ్గును, అపాయము తగ్గదు. కృష్ణ యిసుకలో త్రవ్విన గోతులు పైకి కానరావు. మోకాలిలోతున నడచుచున్న పిల్లవాడు మఱొక యడుగు వేయుటతోడనే నిలువులోతున పడును. చెఱువులలో గుఱ్ఱపుడెక్క తీగెలు కాళ్లకు చుట్టుకొనును. హంసలదీవి దిక్కున నైనచో, పాటువేళ నీరు సముద్రములోనికి లాగుచుండును. అట్లు లాగబడినవాడు ఒడ్డువైపు నెదురీది యలసిపోరాదు. ఒడ్డున కడ్డముగా ఈది, లాగుడు విడిచిన పిమ్మట ఒడ్డు చేరవలెను.

ఇక చలికాలము. కార్తీకమున వేకువజామున రేవుమీద ఆవిరి లేచుటను మీరెల్లరు చూచియున్నారు. గాలి త్వరగా చల్లారును, నీరు మెల్లగా చల్లారును. అందుచేతనే ఆ వేళ గాలికంటె నీరు వెచ్చగా తోచును. మన డెల్టా నీరు ఇరువది డిగ్రీలకు దిగుట యరుదు. అయినను వృద్ధులు, గుండెబలము చాలనివారు ఒక్కమాఱు మునుగక, ముందుగా కాళ్లును చేతులును ముఖమును తడిపికొని, మెట్టుమెట్టుగా దిగుట మేలు. మెట్లమీది నాచు మంచులో కనబడదు గనుక దీపము తీసికొని పోవలెను.

ఉత్తరదేశముల కథ వేఱు. మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ ప్రాంతముల బిడ్డలెందఱో నేడు అమెరికా, కెనడాలలో నున్నారు గనుక ఆ సంగతియు మనకు కావలసినదే. అచ్చట వసంతమున ఎండ కాయును, గాలి వెచ్చబడును. సరస్సు మాత్రము శీతకాలపు చలిని విడువదు. సుపీరియరు సరస్సు నడిమి నీరు జూన్ మొదట నైనను ఐదారు డిగ్రీలకు మించక యుండవచ్చును. పదునైదు డిగ్రీలకు లోబడిన నీట హఠాత్తుగా పడినవాని శ్వాస వాని యధీనమున నుండదు. నోరు తెఱచి గట్టిగా ఊపిరి లాగును. ఆ క్షణమున తల నీటిలో నున్నచో లాగునది నీరే. మొదటి నిమిషము తేలియాడి శ్వాస కుదుర్చుకొనవలెను. పది నిమిషములు గడచుసరికి చేతులు స్వాధీనము తప్పును. ఈ లోపుననే ఒడ్డు చేరుటకు యత్నింపవలెను. పుల్లేరులో నేర్చిన యీత అచ్చట నిలువదు. 2022 డిసెంబరు 26న అరిజోనా రాష్ట్రమున గడ్డకట్టిన వుడ్స్ కాన్యన్ సరస్సుపై నడచుచు, మంచు విఱిగి మన దేశీయులు ముగ్గురు మరణించిరి. బిడ్డలతో దూరవాణిలో మాటాడునపుడు భోజనమును గుఱించి యడుగుదురు గదా; మంచుపై నడువవద్దనియు, రక్షణకవచము లేనిదే సరస్సున దిగవద్దనియు కూడ చెప్పుడు.

మునుగువానిని చూచి వెంటనే దుముకుట ధైర్యమే కాని వివేకము కాదు. ప్రాణభీతితో వాడు పట్టిన పట్టు ఇరువురను ముంచును. గడ యందింపుడు, మోకు విసరుడు, ఏమియు లేనిచో పంచె గాని చీర గాని విసరుడు. ఒడ్డునకు తెచ్చినవానిని తలక్రిందులుగా త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట మన పల్లెల వాడుక. అది కాలహరణమే. శ్వాస లేనిచో తల వెనుకకు వంచి, ముక్కు మూసి, నోట నోరుంచి ఊపిరి యూదవలెను. పిమ్మట ఱొమ్ము నడుమ గట్టిగా ముప్పదిమార్లు నొక్కి రెండుమార్లు ఊదుచు, 108 బండి వచ్చువఱకు మానక చేయవలెను.

ప్రపంచమున 2021లో నీట మునిగి మరణించినవారు మూడు లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో సగమునకు పైగా ముప్పదియేండ్లు నిండనివారే. పెద్దలారా, కాలువ వదలుటకు ముందే గ్రామమున నలుగురు కలిసి రేవులలోని గుంజలను, గాజుపెంకులను తీయింపుడు. క్రొత్తనీరు తేటపడువఱకు పిల్లలను దుముకనీయకుడు. ప్రతి రేవునను ఒక వెదురుగడ, ఒక మోకు ఎల్లప్పుడు నుండునట్లు చూడుడు. వెల కొంచెమే. నాడు మా వంతెనవద్ద ఆ రెండును లేవు.