తుపాను వేళ నిండు చూలాలి తరలింపు

(సముద్రతీర గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన తీరమునకు తుపానులు కొత్త కావు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నది. 1996 నవంబరులో కోనసీమ, 2014 అక్టోబరులో విశాఖపట్నము, 2018 అక్టోబరులో శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము గాలివాన దెబ్బకు గురియైనవి.  నేడు వాతావరణ శాఖవారు 48 గంటలు ముందుగా ఒక హెచ్చరికను, 24 గంటలు ముందుగా మరింత స్పష్టమైన హెచ్చరికను చేయుచున్నారు. ఈ రెండు దినములను మనమెట్లు వినియోగింతుమన్నదే ప్రశ్న.

ఊరిని తరలించుట ఒక పని. నిండు చూలాలిని తరలించుట వేరొక పని. తుపాను ఆశ్రయ భవనము గాలినుండియు, నీటినుండియు ప్రాణమును కాపాడును. కాని అచట కాన్పు చేయు వైద్యులుండరు. అధిక రక్తస్రావమైనచో ఎక్కించుటకు రక్తముండదు. నొప్పులు వచ్చిన పిమ్మట 108 బండిని పిలుతమన్నచో, గాలి వీచు వేళ అది రాజాలదు. 2014లో హుద్‌హుద్ తుపాను నాడు విశాఖపట్నమంతటి నగరమునందే చెట్లు కూలి దారులు మూసుకొనిపోయినవి. విద్యుత్తు, టెలిఫోనులు నిలిచిపోయినవి. ఇక పల్లెల మాట చెప్పవలెనా? కావున ఎనిమిదవ నెల దాటిన గర్భిణిని ఆశ్రయ భవనమునకు గాక, కాన్పు సౌకర్యముగల ఆసుపత్రికి చేర్చవలెను. అదియు గాలి లేవకమునుపే జరుగవలెను.

ఇందు మనకొక అనుకూలము కలదు. తుపాను ఏనాడు వచ్చునో నెల ముందుగా ఎవరును చెప్పజాలరు. కాన్పు తేదీని మాత్రము నెలల ముందే తెలిసికొనవచ్చును. చివరి బహిష్టు మొదటి దినమునుండి 280 దినములు లెక్కించి ఆ తేదీని గర్భిణి కార్డుపై వ్రాయుచున్నారు. 37 వారములు నిండినది మొదలు కాన్పు ఎప్పుడైనను రావచ్చును; ఒక్కొక్కప్పుడు అంతకు ముందే రావచ్చును. కనుక అక్టోబరు మొదలు జనవరి వరకు కాన్పు కావలసినవారి పట్టికను సెప్టెంబరునందే సిద్ధము చేయుడు. వేసవి తుపానులకై మార్చి నెలలో మరియొక పట్టిక వ్రాయుడు.

ఆరోగ్య కార్యకర్త, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త, ఈ మువ్వురి పుస్తకములను కలిపి చూచినచో పట్టిక తయారగును. అయితే తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచు పేరు అత్తవారి ఊరి పుస్తకముననే ఉండవచ్చును. రొయ్యల చెరువులకు, ఇటుక బట్టీలకు కూలికి వచ్చినవారి పేర్లు ఏ పుస్తకమునను ఉండకపోవచ్చును. వీరిని వెదకి చేర్చుట వార్డు సభ్యుని విధి. రక్తహీనత, రక్తపుపోటు, కవల గర్భము, పూర్వపు ఆపరేషను కాన్పు గలవారి పేర్లకెదురుగా గుర్తు పెట్టుడు. బండి మొదట వారి గుమ్మమునకు పోవలెను.

ప్రతి పేరునకు ఎదురుగా ఆసుపత్రి పేరు, బండి యజమాని పేరు, తోడుపోవు స్త్రీ పేరు వ్రాయుడు. ఒక దారి మునిగినచో రెండవ దారి ఏదో ముందే నిర్ణయింపుడు. కార్డు, ఇనుము మాత్రలు, శుభ్రమైన పాతబట్టలు ఒక సంచిలో సిద్ధముగా నుంచుకొనుడని చెప్పుడు.

ఎనిమిదవ నెల రానివారు అందరితో ఆశ్రయ భవనమునకు పోవచ్చును. వారికి మరుగుదొడ్డికి దగ్గరగా చోటు, కాచిన నీరు, వేళకు భోజనము ఏర్పరుపుడు. రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ, బిడ్డ కదలిక తగ్గుట, ఇవి ఏ నెలలోనైనను అపాయ సూచనలు. వెంటనే వైద్య సహాయము కోరవలెను.

అన్నింటికంటె కష్టమైన పని మరియొకటి కలదు. "నొప్పులే రాలేదు, ఇప్పుడే ఆసుపత్రి ఎందుకు?" అని అత్తగారనును. "గొడ్డును, వలను ఎవరు చూతురు?" అని భర్త అనును. ఈ మాటలను తోసివేయకుడు. గొడ్డును ఎవరు తోలుకొనిపోవుదురో, ఇంటికి ఎవరు కాపలా ఉందురో పంచాయతీయే నిర్ణయించి వారికి చెప్పవలెను. వాన మొదలైన పిమ్మట నచ్చచెప్పుటకు వ్యవధి ఉండదు. ఆకాశము నిర్మలముగా నున్నప్పుడే ఇంటి పెద్దలతో మాట్లాడి ఒప్పింపుడు.

మీ వార్డులో వచ్చు మూడు నెలలలో కాన్పు కావలసినవారెందరు? ఈ ప్రశ్నకు ప్రతి సభ్యుడును తడుముకొనక జవాబు చెప్పగలిగిననాడు, ఆ గ్రామము తుపానునకు సిద్ధపడినదని చెప్పవచ్చును.