అంకెలలోను, అక్షరాలలోను



బిల్లుపై సొమ్మును అంకెలలోను, అక్షరాలలోను రాసేవాళ్ళం గదా! ఒక ఫ్యామిలీ పెన్షన్ బిల్లులో నా చేతిలో సున్న జారిపోతే, అక్షరాలే ఆ తల్లి సొమ్ము నిలబెట్టాయి.

ఉపగ్రహ ప్రసారంలోనూ ఇదే కిటుకు. సమాచారంతోపాటు సరిచూసే అంకెలు అదనంగా పంపుతారు. దారిలో కొన్ని చెడినా, అందుకున్న యంత్రం మిగతావాటితో లెక్కకట్టి దిద్దుకుంటుంది. రాబర్ట్ గాలగర్ 1960లో చెప్పిన పద్ధతి ఆనాటి యంత్రాలకు మోయలేని లెక్కయి మూలపడింది. 45 ఏళ్ళకు, 2005లో ఖరారైన డీవీబీ-ఎస్2 ప్రమాణంలో కొలువు దొరికింది.

మబ్బులేనప్పుడు పదింట సుమారు తొమ్మిది పాళ్ళు సమాచారమే. జోరువానలో నాలుగింట ఒక పాలుకు దిగవచ్చు, మిగతాది కాపలా. రిసీవరు తనకెలా అందుతోందో తిరిగి చెబుతుంటే, పంపేవారు పాళ్ళు మారుస్తారు.

మన ఇంటి టీవీ డిష్షుకు తిరిగి చెప్పే దారి లేదు. పాళ్ళు ముందే ఖాయం. వాన అంతకు మించితే బొమ్మ ఆగిపోతుంది.