మ్యాప్‌లో అడ్రస్ ఎందుకు దొరకదు? తప్పు జీపీఎస్‌ది కాదు!

 

ఈ రోజు టాపిక్ చూడ్డానికి చిన్నదే. మ్యాప్‌లో అడ్రస్ టైప్ చేస్తాం, ఏమీ దొరకలేదు అంటుంది. లేదంటే ఊరికి ఆ చివర ఎక్కడో ఉన్న రోడ్డు చూపిస్తుంది. అప్పుడు మనం ఏమంటాం? "ఈ జీపీఎస్ పని చేయట్లేదురా" అంటాం. నిజానికి జీపీఎస్‌కి ఇందులో సంబంధమే లేదు.

ముందు ఇది క్లియర్ చేసుకుందాం. జీపీఎస్ అంటే ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్స్. వాటితో మన ఫోన్ తను ఎక్కడ ఉందో లెక్కగడుతుంది. వచ్చేది రెండు అంకెలు: అక్షాంశం, రేఖాంశం. అంతే. దానికి అమీర్‌పేట తెలీదు, బెంజ్ సర్కిల్ తెలీదు. మనం టైప్ చేసిన పేరు పట్టుకుని ఆ రెండు అంకెల దగ్గరకి తీసుకెళ్లేది వేరే సాఫ్ట్‌వేర్. ఆ పనిని జియోకోడింగ్ అంటారు. మనకి అడ్రస్ దొరకనప్పుడు చాలాసార్లు ఇబ్బంది పడేది ఇదే.

ఇది ఎలా పని చేస్తుందో సింపుల్‌గా చెప్తాను. మీరు టైప్ చేసినదాన్ని ముందు శుభ్రం చేస్తుంది. చుక్కలు, కామాలు తీసేస్తుంది, పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఒకటే చేస్తుంది. తర్వాత ముక్కలు చేసి, ఏది రోడ్డు, ఏది ఏరియా, ఏది ఊరు అని ఊహిస్తుంది. ఆ తర్వాత తన డేటాలో ఉన్న పేర్లతో పోల్చి చూస్తుంది. చివరికి దొరికినవాటిలో ఏది మీకు దగ్గర, ఏది ముఖ్యం అని చూసి వరసగా చూపిస్తుంది.

ఇప్పుడు అసలు సమస్య. మనకి పేర్లు కుదించడం బాగా అలవాటు. సికింద్రాబాద్ తీసుకోండి. ఎస్.డి. రోడ్, ఎస్.పి. రోడ్, ఆర్.పి. రోడ్, ఎం.జి. రోడ్. రోజూ తిరిగేవాళ్లకి ఇవి కంఠతా వచ్చు. కానీ అసలు పేర్లు చూడండి: సరోజినీ దేవి రోడ్, సర్దార్ పటేల్ రోడ్, రాష్ట్రపతి రోడ్, మహాత్మా గాంధీ రోడ్. డేటాలో పూర్తి పేరు మాత్రమే ఉండి, మీరు పొడి అక్షరాలు కొడితే రెండూ కలవకపోవచ్చు. పైగా ఎం.జి. రోడ్ విజయవాడలోనూ ఉంది, అక్కడ జనం దాన్ని బందరు రోడ్డు అంటారు. బెంగళూరులోనూ ఉంది. ఊరు పేరు లేకపోతే సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలి?

"అయితే ఒక లిస్ట్ పెట్టి కుదింపులన్నీ విడదీస్తే సరిపోతుంది కదా అన్నా" అని మీరు అడగొచ్చు. కరెక్టే, సెర్చ్ ఇంజిన్లలో అలాంటి లిస్టులు ఉంటాయి. ఇంగ్లిష్‌లో ఆర్, డి అని రెండక్షరాలు కనిపిస్తే రోడ్ అని తీసుకుంటాయి. కానీ ఎస్, టి అని కనిపిస్తే? అది స్ట్రీట్ కావచ్చు, సెయింట్ కావచ్చు. డి, ఆర్ అంటే డాక్టర్ కావచ్చు, డ్రైవ్ కావచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది బాగా తెలుసు, అక్కడ ఎన్నో రోడ్ల పేర్లు డ్రైవ్‌తోనే ముగుస్తాయి. మన దగ్గరకి వస్తే ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ ఉంది. బోర్డుల మీద క్రాస్ అనే మాట బదులు ఇంగ్లిష్ ఎక్స్ పెడతారు. మనకి అది క్రాస్. మెషిన్‌కి ఎవరూ చెప్పకపోతే అది ఒక అక్షరం మాత్రమే.

ఇక్కడ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి. పూర్తి పేరుని కుదించడం కంప్యూటర్‌కి చాలా ఈజీ. కుదించిన పేరుని విడదీయడం కష్టం, ఎందుకంటే అక్కడ సమాచారం ఆల్రెడీ పోయింది. అందుకే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఒక రూల్ ఉంది. 2004లో మొదలైన ప్రాజెక్ట్ అది, మ్యాప్‌ని ఎవరైనా ఎడిట్ చేయొచ్చు. అందులో రోడ్డు పేరు కుదించకుండా పూర్తిగా రాయమంటారు. స్క్రీన్ చిన్నదైతే యాప్ తనే కుదించి చూపిస్తుంది. వాయిస్ నావిగేషన్ కూడా పూర్తి పేరు ఉంటేనే సరిగ్గా పలుకుతుంది.

మరి జనం వాడే పొట్టి పేరు సంగతేంటి? దానికి వేరే గడి ఉంది. అదే ప్రాజెక్ట్‌లో అసలు పేరు ఒక చోట, పొట్టి పేరు ఒక చోట, పాత పేరు ఒక చోట, తెలుగు పేరు ఇంకో చోట రాయొచ్చు. సికింద్రాబాద్ ఎం.జి. రోడ్‌ని ఒకప్పుడు జేమ్స్ స్ట్రీట్ అనేవారు. అక్కడి రైల్వే స్టేషన్‌కి ఇప్పటికీ ఆ పేరే. పెద్దాయన ఒకరు పాత పేరు చెప్పినా, కాలేజీ కుర్రాడు పొట్టి పేరు కొట్టినా, ఇద్దరూ ఒకే రోడ్డుకి చేరాలి. మంచి డేటా అంటే అది.

కుదింపుతో పాటు స్పెల్లింగ్ గొడవ ఒకటి. తెలుగు పేర్లని ఇంగ్లిష్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తాం. కూకట్‌పల్లి చివర ఒకరు వై పెడతారు, ఇంకొకరు ఐ పెడతారు. వీధి అనే మాటనే ఎన్ని రకాలుగా రాస్తామో చూడండి. తెలుగులో రాస్తే ఈ గందరగోళం చాలా తగ్గుతుంది. అందుకే తెలుగు పేరు గడి నింపడం ముఖ్యం.

ఇంకోటి, నంబర్లు. బంజారాహిల్స్‌లో రోడ్ నంబర్ 10 ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ రోడ్ నంబర్ 10 ఉంది. ఏరియా పేరు ఎగ్గొట్టి "రోడ్ నంబర్ 10" అని పంపిస్తే డెలివరీ బాయ్ ఏ కొండ ఎక్కాలి? తప్పు తిరుగుడికి పోయే పెట్రోలు చాలాసార్లు అతని జేబులోంచే పోతుంది. అడ్రస్ రాసినవాడికి మిగిలింది రెండు సెకన్లు. అదే ఆర్డర్ బదులు అంబులెన్స్ అనుకోండి. 108కి ఫోన్ చేసి కంగారులో పొట్టి పేరు ఒక్కటే చెప్తే, అవతల వినేవాళ్లు మన గల్లీ వాళ్లు కాదు కదా.

సరే, మనం ఏం చేయాలి? ఐదు పనులు.

ఒకటి: సెర్చ్ దొరకకపోతే పొట్టి పేరు విడదీసి కొట్టండి. ఎల్.బి. నగర్ బదులు లాల్ బహదూర్ నగర్, ఎస్.ఆర్. నగర్ బదులు సంజీవరెడ్డి నగర్. పూర్తి పేరుతో దొరకకపోతే పొట్టిది ట్రై చేయండి.

రెండు: "ఎదురుగా", "పక్కన", "వెనకాల" లాంటి మాటలు, ఫ్లాట్ నంబర్, ఫ్లోర్ తీసేసి రోడ్డు, ఏరియా, ఊరు మాత్రమే కొట్టండి. ముందు ఏరియాకి చేరితే మిగతాది ఫోన్‌లో అడగొచ్చు.

మూడు: మీ షాపునో, మీ వీధినో మ్యాప్‌లో యాడ్ చేసేటప్పుడు పేరు పూర్తిగా రాయండి. పొట్టి పేరుకి గడి ఉంటే అక్కడ రాయండి. తెలుగులో కూడా రాయండి.

నాలుగు: ఎవరికైనా అడ్రస్ పంపితే దానితో పాటు లొకేషన్ పిన్ కూడా పంపండి. పిన్ దారి చూపిస్తుంది, అడ్రస్ తలుపు చూపిస్తుంది. రెండూ కావాలి.

ఐదు: ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, పూర్తి అడ్రస్, దగ్గర్లో అందరికీ తెలిసిన గుర్తు, రెండూ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. అర్ధరాత్రి కంగారులో చూసి చదివితే చాలు.

చివరగా ఒక కొత్త విషయం. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. అది పోస్టాఫీసు పరిధి వరకే చెప్తుంది. 2025లో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. దీని తయారీలో ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ కలిసి పని చేశాయి. దేశం మొత్తాన్ని సుమారు 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గళ్లుగా విడగొట్టి, ప్రతి గడికి 10 అక్షరాల కోడ్ ఇచ్చారు. పేరు లేని వీధికి, పొలం గట్టు మీద ఇంటికి ఇది బాగా ఉపయోగం. కానీ మీరు ఏ అంతస్తులో ఉన్నారో ఆ కోడ్ చెప్పదు. ఫోన్‌లో 10 అక్షరాలు తప్పు లేకుండా చెప్పడమూ కష్టమే. కాబట్టి కోడ్ వచ్చింది కదా అని పేరుని వదిలేయకండి.

ఈ రోజు ఒక చిన్న పని చేయండి. మీ వీధి పేరు మ్యాప్‌లో ఎలా ఉందో ఒకసారి వెతకండి. కుదించి ఉంటే పూర్తి పేరుకి మార్చమని ఎడిట్ పెట్టండి. మీ ఇంటికి ఎప్పుడూ రాని మనిషి అడ్రస్ వెతుకుతున్నాడు అనుకుని రాయండి, సరిపోతుంది. మీ ఊళ్లో ఏ పొట్టి పేరు అందరినీ తిప్పలు పెడుతుందో కింద కామెంట్‌లో చెప్పండి. వీడియో పనికొచ్చింది అనిపిస్తే మీ అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో షేర్ చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.