పురుగుమందుకును మాత్రకును మూలమైన వాయువులు

ఎనుమాముల మార్కెట్టులో పత్తి బస్తాలు దిగు దినములలో రైతులతో మాటాడినచో, ధర తరువాత తరచుగ వినవచ్చు మాట ‘మందు’. ఎన్ని మార్లు మందు కొట్టితిమి, అందుకెంత అప్పు తెచ్చితిమి అని చెప్పుకొందురు. చక్కెరవ్యాధికి ఇంట వేసికొను మాత్రను సైతము మనము మందనియే అందుము. ఈ రెండు మందుల పుట్టుక వెదకినచో ఒకే వాయుకుటుంబము కనబడును.

పశువుల కొట్టములో తెల్లవారి ముక్కున కొట్టు ఘాటు అమ్మోనియాది. దాని అణువులో ఒక నత్రజని, మూడు ఉదజని పరమాణువులు గలవు. ఒక ఉదజనికి బదులు మిథైలు చేరినచో మిథైల్ అమీను. రెంటికి బదులు చేరినచో డైమిథైల్ అమీను. మూటికిని చేరినచో ట్రైమిథైల్ అమీను. నిలువ చేపల కంపు ఈ చివరిదాని చలవయే! మిథైల్ అమీను సున్నకు దిగువ 6 డిగ్రీలకే మరుగును. నీట విస్తారముగ కరగును. అమ్మోనియాకంటె బలమైన క్షారము. నిప్పు తగిలిన మండును. కర్మాగారములలో మిథనాలు ఆవిరిని, అమ్మోనియాను సుమారు 400 డిగ్రీల వేడిలో ఉత్ప్రేరకముపై నడపుదురు. మూడు అమీనులును ఒక్కసారే పుట్టును. వానిని విడదీయుటయే అసలు శ్రమ.

ట్రైమిథైల్ అమీనునుండి కోళ్లదాణాలో కలుపు కోలిన్ క్లోరైడు వచ్చును. డైమిథైల్ అమీనునుండి మెట్‌ఫార్మిన్ మాత్ర వచ్చును. మిథైల్ అమీనునుండి పత్తిచేలలో పేరుమోసిన మోనోక్రోటోఫాస్ వచ్చినది. ఫాస్‌జీనుతో కలిపినచో మిథైల్ ఐసోసయనేటు ఏర్పడును. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో వేలమందిని బలిగొన్నది అదియే. అదియు ఒక పురుగుమందు కొరకు నిలువచేసినదే.

1997-98లో వరంగల్లు పత్తిచేలపై లద్దెపురుగు విరుచుకొనిపడినది. మందుపై మందు కొట్టినను అది చావలేదు. పంట పోయి, అప్పు మిగిలి, ఎందరో రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ జిల్లా పేరు విన్నపుడు మాకీ సంగతి తలపునకు రాకమానదు.

అయితే మోనోక్రోటోఫాస్ విషమునకు అమీనును నిందింపరాదు. అందలి భాస్వర భాగము నరముల చలనమును అణచు ఎంజైమును పట్టివేయును. అందుచేత కంటిపాప చిన్నదగును, నోట నురుగు, ఒంట చెమట, పిదప ఊపిరాడమి. చర్మముగుండను ఈ విషము లోనికి పోవును. మందు కొట్టినవానికిట్లయినచో తడిసిన బట్టలు విప్పి, సబ్బునీట ఒడలు కడిగి, తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. అట నిచ్చు విరుగుడు అట్రోపిన్. మందుడబ్బా చీటీని వెంట గొనిపోయినచో, లోనికి పోయిన విషమేదియో వైద్యునికి వెంటనే తెలియును.