చలి పోయినదా, లేదా?
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



శీతల దేశములలో చలి యనగా నీరు గడ్డకట్టవలెను. మన తిరువళ్లూరు, తిరుత్తణి సీమలో రాత్రి 20 డిగ్రీల దరిదాపునకు దిగిన చాలును. మంకీటోపీలు, మఫ్లర్లు పెట్టెలనుండి లేచి వచ్చును. పాలవానిని ముఖము చూచి గుర్తింపలేము, సైకిలు గంటనుబట్టియే పోల్చుకొనవలెను. వర్తకులమైన మేము మాత్రము చలిని నిందింపజాలము. దుప్పట్లు అమ్ముడుపోవు కాల మిదియొక్కటే.

ఈ చలి ఎప్పుడు పోవును? శివరాత్రికి "శివశివా" యనుచు పోవునని మన పెద్దల మాట. తై మంచు నేలను తొలుచును, మాసి మంచు మిద్దెను తొలుచునని తమిళ సోదరుల సామెత. శివరాత్రి వచ్చునది సాధారణముగా ఆ మాసి నెలలోనే! మన యిండ్లలో చలి తెలుగున సెలవు పుచ్చుకొని, తమిళమున మిద్దె యెక్కి కూర్చుండును. నిజమునకు రెండును సత్యములే. పోవునది రాత్రి చలి. మిగులునది తెల్లవారుజాము మంచు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినను మన యింటి మాట మారలేదు. 2006 నాటి చట్టముతో బడులలో తరగతి వెంట తరగతిగా తమిళము తప్పనిసరి యైనది. మాసి సామెత పిల్లలకు బడిలోనో వీధిలోనో వచ్చును, మంచిదే. శివరాత్రి సామెత నేర్పుటకు మనము తప్ప వేరొకరు లేరు.

కావున ఈ జాగరణ రాత్రి పెద్దలు తలా యొక సామెత పిల్లలకు చెప్పవలెనని మనవి. వారికి నిద్రయు రాదు. చలి పోయినను మరుసటి యేడు వచ్చును. ఇంటి మాట పోయినచో రాదు.