ఎన్వలప్ ఫిల్టర్: ఇంట్లో తయారయ్యే రెండు నమూనాలు

గిటార్ తీగను మీటే బలాన్ని బట్టి స్వరం రంగును మార్చే పెడల్ ఎన్వలప్ ఫిల్టర్. మెల్లగా మీటితే ఫిల్టర్ కొద్దిగా, గట్టిగా మీటితే ఎక్కువగా తెరుచుకుని ‘వా’ అనే ధ్వని పలుకుతుంది. వా పెడల్‌లో పాదం చేసే పనిని ఇక్కడ సిగ్నల్ తీవ్రతే చేస్తుంది.

సొంతంగా తయారుచేసుకునేవారిలో చాలామంది రెండు పాత నమూనాలను ఎంచుకుంటారు. ఎలక్ట్రో-హార్మోనిక్స్ సంస్థ రూపొందించిన డాక్టర్ క్యూ సులువైనది. రెండు ఆప్-ఆంప్‌లున్న ఒక చిప్, ఒక ట్రాన్సిస్టర్, కొన్ని చిన్న విడిభాగాలు, ఒక 9 వోల్టుల బ్యాటరీ సరిపోతాయి. ఇందులో ట్రాన్సిస్టరే మారే నిరోధకంగా పనిచేస్తుంది. ఖర్చు తక్కువ, సర్దుబాట్లూ తక్కువే.

రెండోది 1972లో మ్యూజిట్రానిక్స్ తెచ్చిన మ్యూ-ట్రాన్ త్రీ. 1973 నాటి ‘హయ్యర్ గ్రౌండ్’ పాటలో స్టీవీ వండర్ తన క్లావినెట్ అనే కీబోర్డు వాద్యానికి వాడింది దీనినే. సిగ్నల్ పెరిగేకొద్దీ లోపలి దీపం వెలుగు పెరిగి, ఎల్‌డీఆర్‌ల (కాంతిని బట్టి విలువ మారే నిరోధకాల) నిరోధం తగ్గి, ఫిల్టర్ కదులుతుంది. ఎల్‌డీఆర్ కాస్త నెమ్మదిగా స్పందిస్తుంది కనుక స్వరం నునుపుగా జారుతుంది. లో-పాస్, బ్యాండ్-పాస్, హై-పాస్ అనే మూడు ఫిల్టర్ రకాలూ ఇందులో లభిస్తాయి. అయితే ఎల్‌డీఆర్‌ల విలువలు ఒకదానితో ఒకటి సరిపోలాలి. బయటి వెలుతురు సోకకుండా వాటిని మూసివేయాలి.

సోల్డరింగ్ కొత్తగా నేర్చుకునేవారికి డాక్టర్ క్యూ, స్వరంపై పూర్తి పట్టు కోరేవారికి మ్యూ-ట్రాన్ నమూనా తగినవి.