గైడ్‌బుక్ చేతబట్టుకుని పాలినేషియా దీవులకు
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుకో ఉద్యోగానికో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా చేరిన మన పిల్లలు కొందరు ఈ మధ్య ఒక మాట అడుగుతున్నారు. "ఇంతదూరం వచ్చాం కదా, పక్కనున్న పాలినేషియా దీవులు కూడా చూడాలంటే ఎలా?" ప్యాకేజీ టూరులో కాకుండా, ఒక గైడ్‌బుక్ దగ్గర పెట్టుకుని సొంతంగా వెళ్లడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

పసిఫిక్ మహాసముద్రం పటం మీద హవాయి, రాపా నూయి, న్యూజిలాండ్ ఈ మూడింటినీ గీతలతో కలపండి. ఆ త్రికోణంలో ఉన్నదే పాలినేషియా. తెల్లవాళ్ల ఓడలు రాకముందే, నక్షత్రాలూ అలలూ పక్షులూ చూసుకుంటూ పడవల మీద వెళ్లి ఆ దీవుల్లో ఊళ్లు కట్టుకున్నవాళ్లు అక్కడి మూలవాసులు. కాబట్టి మనం ఒక బీచికి వెళ్తున్నామనుకోవద్దు. ఒకరి ఊరికి వెళ్తున్నాం.

గైడ్‌బుక్ కొనగానే అందరూ బొమ్మల పేజీలు తిప్పుతారు. మీరు ముందు అచ్చు వివరాల పేజీ తీసి సంవత్సరం చూడండి. రచయిత దీవులు తిరిగిన తరవాత పుస్తకం బజారులోకి రావడానికి చాలా నెలలు పడుతుంది. అందులో గది అద్దెలు, విమానాల వేళలు, ఫోన్ నంబర్లు పాతబడే సరుకు. 2020లో కరోనా వచ్చి దీవులు తలుపులు మూసుకున్నాక ఎన్నో మారాయి. దూరాలు, రుతువులు, పగడపు దిబ్బల్లో ప్రవాహాలు, ఊరి మర్యాదలు మాత్రం అంత తొందరగా పాతబడవు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తుపానుల కాలం, అది ఏ ముద్రణలోనైనా ఒకటే. డబ్బు పెట్టి కొనేది ఈ భాగం కోసమే. ధరలు ఫోన్‌లో చూసుకోవచ్చు.

తరవాత చూడాల్సింది, ఆ పుస్తకం ఎవరితో మాట్లాడుతోందన్నది. ఇంగ్లీషు గైడ్‌బుక్కుల్లో "మీరు" అంటే ఎక్కువగా అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు. "వీసా పెద్ద సమస్య కాదు" అని రాస్తే అది వాళ్లకు. కుక్ దీవులనే తీసుకోండి. తిరుగు టికెట్, బస చూపిస్తే మనవాళ్లకూ కొద్దిరోజుల పర్యటనకు ముందుగా వీసా అక్కర్లేదు. కానీ అక్కడికి వెళ్లే దారి ఎక్కువగా ఆక్లాండ్ మీదుగా. ఇండియా నుంచి వెళ్తూ ఆక్లాండ్‌లో విమానం మారాలంటే మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా కావాలి. హొనొలులు మీదుగా అయితే అమెరికా వీసా. తాహితీకి ఫ్రాన్సు వాళ్ల వీసా, అదీ షెంగెన్ వీసా ఉంటే సరిపోదు. ఈ సంగతులు పుస్తకంలో ఒక మూలన ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. టికెట్ కొనకముందే ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలో సరిచూసుకోండి.

మరో తిరకాసు తేదీ. ఆక్లాండ్‌లో శనివారం పొద్దున విమానం ఎక్కితే రారోటోంగాలో శుక్రవారం మధ్యాహ్నం దిగుతారు. నడుమ తేదీ రేఖ ఉంది. గది ఏ రోజు నుంచి కావాలో వేళ్ల మీద లెక్కపెట్టి మరీ బుక్ చేసుకోవాలి.

ఇక ప్రణాళిక. పెద్ద దీవి నుంచి మొదలుపెట్టి చిన్నదానికి రాసుకుంటూ పోతే కుదరదు. అన్నిటికన్నా అరుదుగా దొరికే ప్రయాణం ఏదో దాన్ని ముందు కాగితం మీద రాయండి, మిగతా రోజులు దాని చుట్టూ సర్దండి. అందరికన్నా కష్టమైనది టోకెలావ్. మూడే మూడు పగడపు దీవులు, విమానాశ్రయం లేదు. సమోవాలోని అపియా నుంచి ఓడలో ఒక రోజుకు పైనే ప్రయాణం. ఓడలో చోటు ముందు స్థానికులకు, తరవాతే మనకు. ముందుగా అనుమతి తీసుకోవాలి, దానికి ఆ దీవి పెద్దల సభ ఒప్పుకోవాలి. ఆ సభను తౌపులేంగా అంటారు. పట్నం యాత్రికుడికి ఇది విసుగు పుట్టించే పని. గూడెం పెద్దల మాట వింటూ పెరిగిన మనకు కొత్తగా చెప్పాలా?

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది మాత్రం ఆతియు. కుక్ దీవుల్లో ఒకటి, రారోటోంగా నుంచి చిన్న విమానంలో ముప్పావు గంట. రోజూ విమానం ఉంటుందనుకోవద్దు. జనం కొన్ని వందలమందే. కాఫీ పండిస్తారు, అరకు పిల్లలు చూస్తే సంతోషిస్తారు. దీవి చుట్టూ మకాతేయా అనే పాత పగడపు రాయి కత్తిలా ఉంటుంది, చెప్పులతో నడవలేరు, గట్టి బూట్లు కావాలి. అనతాకితాకి గుహలో కోపెకా అనే చిన్న పిట్ట చీకట్లో టిక్కుటిక్కుమని చప్పుడు చేసి, దాని ప్రతిధ్వనితో దారి తెలుసుకుంటుంది. గుహలకు స్థానికుణ్ణి వెంటబెట్టుకునే వెళ్లాలి. సాయంత్రం తుమును దగ్గర కూర్చుంటారు. నారింజ కల్లు తాగే గుంపు అది. మిషనరీలు కావా తాగడం మాన్పించాక ఇది పెరిగింది. ఒకడే పోస్తాడు, ఒకే చిప్ప అందరికీ తిరుగుతుంది, కొత్తగా వచ్చినవాడు తన పేరూ ఊరూ చెప్పుకోవాలి. జీలుగు కల్లు దగ్గర కూర్చున్నవాళ్లకు ఈ పద్ధతి నేర్పక్కర్లేదు. పంచుకునే డబ్బు మాత్రం ఇవ్వండి. చిన్న దీవుల్లో ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు, న్యూజిలాండ్ డాలర్లు నోట్లుగా పట్టుకెళ్లండి.

గైడ్‌బుక్‌లో ఒక్క వాక్యంతో దాటేసే సంగతి మీద కాసేపు ఆగుతాను. "కుక్ దీవుల్లో గుడారం వేసుకోనివ్వరు" అని ఉంటుంది. యాత్రికుడికి అదొక అసౌకర్యం. దాని పక్కనే ఇంకో సంగతి పెట్టి చూడండి. అక్కడ కుటుంబాల భూమిని అమ్మడం చట్టం ఒప్పుకోదు. బయటివాళ్లకు లీజే దొరుకుతుంది, అదీ 60 ఏళ్లకు మించకుండా. ఒక్కో చెక్కమీద ఎంతోమంది వారసులకు హక్కు. అంటే ఖాళీగా కనబడే ఆ ఇసుక ఎవరిదీ కానిది కాదు. ఇక్కడ 1/70 చట్టం కోసం మన పెద్దలు కోర్టుల చుట్టూ ఎందుకు తిరిగారో తెలిసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. సమోవాలో కూడా భూమిలో దాదాపు 80 శాతం సంప్రదాయ హక్కు కింద ఉంది. బీచిలో దిగేముందు ఊరివాళ్లు రుసుము అడిగితే మోసం అనుకోకండి. అక్కడ పొద్దుగూకే వేళ ప్రార్థన సమయమని ఊరు నిశ్శబ్దమైతే, మీరూ ఆగి నిలబడండి. టోంగాలో ఆదివారం పని చెయ్యకూడదని రాజ్యాంగంలోనే ఉంది. ఆ రోజుకు తిండి శనివారమే చూసుకోవాలి.

మన అరకు గురించి వచ్చిన పర్యాటక పుస్తకం ఏదైనా ఒకటి తీసి చూడండి. బొర్రా గుహలుంటాయి, థింసా ఉంటుంది. సంత ఏ రోజో, గూడెంలోకి వెళ్లేముందు ఎవరిని అడగాలో వెతకండి. పాలినేషియా పుస్తకం చదివేటప్పుడూ ఇదే వెతకండి. దొరక్కపోతే అక్కడ బస ఇచ్చే ఇంటివాళ్లకు ఉత్తరం రాసి అడగండి. జవాబిస్తారు.

ఆ దీవులకు మొదటి గైడ్‌బుక్ ఎవరిదంటే నేను తుపాయియా పేరు చెబుతాను. రయాటేయా దీవి పూజారి, సముద్రం తెలిసినవాడు. 1769లో కెప్టెన్ కుక్ ఓడ ఎక్కాడు. న్యూజిలాండ్ చేరితే మావోరీలకు అతని మాట అర్థమైంది. 74 దీవుల పటం ఒకటి గీయించాడు. 1770లో బటావియాలో చనిపోయాడు. ఉత్తరం పైన ఉంటుందన్న లెక్కతో చదివిన ఐరోపావాళ్లకు ఆ పటం చాలాకాలం తప్పులతడకగా కనిపించింది. పటం నడుమ "అవతేయా", అంటే మధ్యాహ్నపు సూర్యుడు అని రాసి ఉంది. ఆ నడిమి గుర్తునే దిక్కుగా పెట్టుకుని చదవాలని ఇప్పుడు కొందరు పరిశోధకులు అంటున్నారు. అలా చదివితే దీవులు వాటి చోటికి వస్తున్నాయట. ఆ పటం నకలు ఒకటి అచ్చువేయించి అక్కడ బల్ల మీద పెట్టాను. భోజనాలకు లేచేలోపు ఒకసారి చూడండి. వీసా సంగతులు అడగాలనుకున్నవాళ్లు పాస్‌పోర్టు తెచ్చుకుని ఉంటే నా దగ్గరికి రండి.